కథాసాహిత్యమున సర్కసు జీవితము

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమునందలి పర్వత ప్రకరణమున శివరాత్రికి శ్రీశైలము చేరిన జనమును, వారి ఆటపాటలను విస్తరించి వర్ణించినాడు. అందు గడలపై ఆడువారిని ఆకాశమున ఆడు దేవాంగనలతో పోల్చినాడు. దేశి కళల చరిత్ర వ్రాయువారు ఈ పోలికను తఱచుగా ఉదాహరింతురు. దొమ్మరాట ప్రాచీనతకు అది చక్కని ప్రమాణము. కాని ఆ పోలికలో గమనింపదగిన విశేషము మఱియొకటి కలదు. అది నేలపై నిలిచి, తల పైకెత్తి చూచువాని పోలిక. గడ కొనపై నున్న స్త్రీకి తాను దేవాంగన ననెడి తలపు కలుగునో లేదో చెప్పజాలము. ఆమెకు తప్పక తెలిసినది అరికాలి క్రింద గడ కొన, ఒంటికి తగులు గాలి, క్రింద డోలు వాయించుచున్న తనవారి తాళము. ఒకే దృశ్యము క్రిందినుండి చూచినవానికి ఆకర్షణముగను, పైనున్నవారికి పనిగను ఉండును.

సర్కసు జీవితమును వస్తువుగా గొన్న కథలను చదువునప్పుడు నాకు ఈ పోలిక పదే పదే గుర్తునకు వచ్చుచుండును. ఆ కథలను గుఱించి సాధారణముగా జరుగు విమర్శ ఒక మూసలో సాగును: సర్కసు యొక్క తళుకు మాయ, దాని వెనుకనున్న దుఃఖము సత్యము, మంచి రచయిత ఆ మాయను తొలగించి సత్యమును చూపును అని. ఈ అభిప్రాయము సగము మాత్రమే సరియైనదని నా మనవి. రచయిత ఎక్కడ నిలిచి చూచుచున్నాడను ప్రశ్న వేయనిచో ఈ కథల బలమును, కొఱతను సరిగా తూచలేము. ఈ వ్యాసమున మూడు భాషల రచయితలను, వారి నాలుగు రచనలను తీసికొని ఆ ప్రశ్నను పరీక్షింతును.

ముందుగా సర్కసు స్వరూపమును గుఱించి రెండు మాటలు. ఆధునిక సర్కసునకు ఆద్యుడుగా చెప్పబడు ఫిలిప్ ఆస్ట్లీ 1768లో లండనులో గుఱ్ఱపు స్వారి విద్యను ప్రదర్శింప నారంభించెను. గుండ్రని బరిలో గుఱ్ఱము పరుగిడునప్పుడు రౌతు లోపలికి ఒరిగి, దాని వీపుపై నిలువబడగలడు. ఆ బరికి 42 అడుగుల వ్యాసము స్థిరపడినది. ఒక ఊర శిక్షణ పొందిన గుఱ్ఱము మఱియొక ఊర అదే కొలతగల బరిలో తడబడక పరుగిడును. కావున ఆ కొలతలో రెండు విషయములు ఒకేమాఱు ఇమిడియున్నవి: చూపరికి విస్మయము, ఆటగానికి సంచారము. మన దేశమున కురుంద్వాడు సంస్థానమున అశ్వశిక్షకుడుగా నున్న విష్ణుపంత్ ఛత్రే 1880లో గ్రేట్ ఇండియన్ సర్కసును స్థాపించెను. కేరళమున తలశ్శేరిలో కీలేరి కుంఞికణ్ణన్ 1901లో సర్కసు విద్యకు పాఠశాల నెలకొల్పెను. ఆ తరువాత మన దేశపు సర్కసు కంపెనీలలోని ఆటగాండ్రు పెక్కుమంది ఆ ప్రాంతమువారే అయిరి. తెలుగువారిలో వీరఘట్టమువాడైన కోడి రామమూర్తి నాయుడు ఱొమ్ముపై ఏనుగును నిలిపికొని, కలియుగ భీముడని పేరొంది, స్వయముగా సర్కసు కంపెనీని నడపెను. 1942లో ఆయన గతించినను ఆ బలప్రదర్శనల కథలు ఉత్తరాంధ్రమున నేటికిని చెప్పుకొనబడుచున్నవి. ఆ కథలయందును ఏనుగు ఎక్కిన క్షణమే మిగిలినది. ఊరూర డేరా వేసి విప్పిన దినములు మిగులలేదు.

ఇక కథలు. రష్యను రచయిత గ్రిగొరోవిచ్ 1883లో వ్రాసిన గట్టాపర్చా బాలుడు ఈ వస్తువుపై వెలువడిన కరుణరస రచనలలో ముఖ్యమైనది. పేత్యా అను అనాథబాలుని బెక్కరు అను సాముగానికి అప్పగింతురు. అతడు పిల్లవాని ఒడలిని రబ్బరువలె వంగునట్లు కఠినముగా సాధన చేయించును. పేత్యాపై జాలి చూపువాడు ఎడ్వర్డ్సు అను బఫూను ఒక్కడే. కథ నడిమి భాగమున రచయిత మనలను ఒక ప్రభువు ఇంటికి కొనిపోవును. అచ్చట పేత్యా యీడుదైన వేరొచ్కా అను బాలిక, బుద్ధిగా నున్నచో సర్కసునకు తీసికొనిపోదుమని పెద్దలు చేసిన వాగ్దానమునకై ఎదురు చూచుచుండును. ప్రకటన పత్రములోని గట్టాపర్చా బాలుడను పేరే ఆమె ఊహ నంతయు ఆక్రమించును. ప్రదర్శనమున బెక్కరు తన నడుముపై నిలిపిన పొడవైన గడ నెక్కి పేత్యా విన్యాసములు చేయును; తుదకు పట్టుతప్పి పడును. ప్రభువు కుటుంబము పిల్లలను గొని త్వరత్వరగా వెడలిపోవును. మఱునాటి ప్రకటనలో ఆ బాలుని పేరుండదు; పేరుగలవాడే లేడు.

ఈ కథయొక్క బలము దాని నిర్మాణములో నున్నది. ప్రభువు ఇంటి పిల్లల గది కథ నడుమ నుండుటచే ఆకర్షణము ఎచ్చట పుట్టుచున్నదో మనకు కనబడును. వేరొచ్కా దుష్టురాలు కాదు. ఆమె కుతూహలము నిష్కల్మషమైనది. ఆ నిష్కల్మషమైన కుతూహలమునకే ఇంకొక పిల్లవాని నడుము వంగవలసివచ్చినది. ఇంత కఠినమైన మాటను రచయిత ఎచ్చటను నోట చెప్పడు. రెండు ఇండ్లను పక్కపక్కన నిలుపును. చివరి ప్రకటన పత్రముతో, పేరును అమ్ముకొన్న వ్యాపారము ఆ పేరును ఎంత సులువుగా తుడిచివేయునో చూపును.

కాని కొఱతయు నిచ్చటనే కలదు. కథ అంతట పేత్యా బాధపడువాడే గాని చేయువాడు కాడు. అంత కష్టపడి నేర్చిన విద్యలో ఒక్క క్షణమైన అతనికి తనదను భావము కలిగెనా? గడపై మొదటిసారి నిలిచిననాడు అతని మనస్సులో భయముతోపాటు మఱేదైన మెదలెనా? కథ ఈ ప్రశ్నను దరి చేరనీయదు. పాఠకుని కంట నీరు వచ్చును. కాని ఆ కన్నీరు వేరొచ్కా కూర్చున్న స్థానమునుండియే కారును. అప్సరసగా చూచిన చూపు స్థానము మార్చుకొనక దీనునిగా చూచినది. చూడబడినవాడు రెండు పర్యాయములును మాటలాడలేదు.

డికెన్సు హార్డ్ టైమ్స్ నవల 1854లో వెలువడినది. అందలి సర్కసు యజమాని స్లీరీ. కోక్‌టౌను పట్టణమున గ్రాడ్‌గ్రైండు నడపు పాఠశాలలో వాస్తవములే గాని ఊహకు చోటులేదు. సర్కసు బఫూను జూపు కుమార్తె సిస్సీ పుట్టినది మొదలు గుఱ్ఱముల నడుమ పెరిగినను, గుఱ్ఱమునకు నిర్వచనము చెప్పలేక తరగతిలో అవమానపడును. గుఱ్ఱపు పండ్లను లెక్కపెట్టి అప్పగించిన బాలుడు మెప్పు పొందును. ఈ ఘట్టము సుప్రసిద్ధము. విద్యావిమర్శగా దీనిని అందఱు చదువుదురు. సర్కసు జీవిత చిత్రణముగా చూచినచో ఇంతకన్న లోతైన ఘట్టము దీని వెనువెంటనే వచ్చును.

జూపు ముసలివాడగుచున్నాడు. కీళ్లు బిగిసినవి, గంతులు తప్పుచున్నవి, నవ్వింపవలసినవాడు ప్రేక్షకుల ఈసడింపునకు పాత్రుడగుచున్నాడు. దెబ్బలకు రాచుకొను తొమ్మిది నూనెల మందు తెమ్మని కుమార్తెను పంపి, ఆమె తిరిగి వచ్చులోపల తన కుక్కను వెంటబెట్టుకొని ఊరు విడిచిపోవును. తాను ఈసడింపబడిన సంగతి కుమార్తెకు తెలిసిన దనుటయే అతనికి ఈసడింపుకన్న పెద్ద గాయమైనదని తోటివారు చెప్పుదురు. తండ్రి వచ్చునని సిస్సీ ఆ నూనె సీసాను ఏండ్ల తరబడి దాచియుంచును. సర్కసు జీవితమందలి కష్టమునకు ఇంతకు మించిన గుర్తు ఈ రచనలలో నాకు కనబడదు. పడి చచ్చుట అరుదుగా జరుగు ప్రమాదము. ఒడలు ముదురుట ప్రతి ఆటగానికి వచ్చు నిశ్చయమైన దినము. డికెన్సు ఆ దినమును పట్టుకొన్నాడు.

మఱియొక సంగతి. జూపు తన కుమార్తెకు సర్కసు విద్య నేర్పింపలేదు. ఆమె చదువుకొనవలెనని పట్టుబట్టినాడు. తోటి ఆటగాడు చిల్డర్సు తాను ఏడవ యేటనే ఈ పనిలో శిష్యుడుగా చేరితినని చెప్పుకొనును. ఒకడు తన విద్యను ఇష్టపడుచునే బిడ్డను దానినుండి తప్పింపజూచును; మఱియొకడు తన బాల్యమంతయు దానికిచ్చి గర్వపడును. ఈ రెండు మాటలును లోపలివారివే. వీని నడుమ తీర్పు చెప్పుటకు డికెన్సు తొందరపడలేదు. ఒక కుటుంబపు తండ్రి మఱియొక కుటుంబపు తండ్రిని గడపై నిలబెట్టి మోయువాడనియు, వారిలో వింతైన మృదుత్వము, ఒకరికొకరు తోడ్పడు గుణము కలవనియు ఆయన వ్రాసిన తీరులో గడ యొక్క అర్థమే మారినది. సోమనాథుని గడపై మనకు పైనున్నవారు మాత్రమే కనబడుదురు. డికెన్సు గడ క్రిందనున్న భుజమునుగూడ చూపినాడు.

అయితే నవల ముందునకు సాగినకొలది సర్కసు తన పనిని విడిచి గ్రాడ్‌గ్రైండు కుటుంబపు పాపపరిహారమునకు సాధనమగును. అతని నేరస్థుడైన కుమారుని దాచుటకు, దాటించుటకు ఆ డేరా ఉపకరించును. జూపు కుక్క కుంటుచు, గ్రుడ్డిదై స్లీరీని వెదకికొని వచ్చి మరణించుటచే జూపు మృతి తెలియవచ్చును. ఆ ముసలి బఫూను తుది దినములు మాత్రము కథకు వెలుపలనే ఉండిపోవును. డికెన్సు గుడారములోనికి వెళ్లినాడు. చాల దూరము వెళ్లినాడు. కాని పట్టణమువారి నీతికొఱకు మరల బయటికి వచ్చినాడు.

కాఫ్కా 1919లో ప్రకటించిన సంపుటమున గ్యాలరీలో అను చిన్న రచన కలదు. అది రెండే వాక్యములు. మొదటి వాక్యము ‘అయినచో’ అను షరతుతో నడచును: క్షయరోగముతో కృశించిన రౌతుస్త్రీని నిర్దయుడైన యజమాని కొరడా ఝళిపించుచు, అలుపెఱుగని ప్రేక్షకుల యెదుట, నెలల తరబడి బరి చుట్టు త్రిప్పుచున్నయెడల, గ్యాలరీలోని యువకుడొకడు మెట్లన్నియు దిగి పరుగున వచ్చి ఆపుడని కేక వేయునేమో. రెండవ వాక్యము నిశ్చయార్థమున సాగును: కాని సంగతి అట్లు లేదు, అందమైన స్త్రీ తెరలు తొలగించుకొని వచ్చును, యజమాని ఆమెను ముద్దుల మనుమరాలివలె గుఱ్ఱమెక్కించును, విన్యాసము ముగియును, చప్పట్లు మ్రోగును, ఇట్లుండుటచే ఆ యువకుడు కటకటాలపై ముఖమానించి, తనకు తెలియకుండగనే ఏడ్చును.

ఈ రచనను చదువు విద్యార్థులు ఏ వాక్యము నిజమని అడుగుదురు. వ్యాకరణము రెండవదే నిజమని చెప్పును. యువకుని ఏడ్పు మొదటిదే నిజమని చెప్పును. కాని ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకన్న, రెండు వాక్యములకును సమానమైన దానిని గమనించుట మేలు. రెండింటను చూచువాడు గ్యాలరీలోనే యున్నాడు. మొదటిదానిలో అతడు రక్షకుడు, రెండవదానిలో నిస్సహాయుడు. ఆ స్త్రీ మాత్రము రెండింటను ఒక్క మాటయైన పలుకదు. ఆకర్షణము, ఆయాసము అను రెండు బొమ్మలను గీచినది ప్రేక్షకుడే యని కాఫ్కా చూపినాడు. గ్రిగొరోవిచ్‌లో లోపముగా నున్నది కాఫ్కాలో కథావస్తువే అయినది. అందుచే ఈ రచన సర్కసును గుఱించినదనుటకన్న సర్కసును చూచి జాలిపడు మనలను గుఱించినదనుట యుక్తము.

అదే రచయిత మొదటి దుఃఖము అను కథలో చూపు పైకి మారినది. 1924లో వచ్చిన సంపుటమున చేరిన ఈ కథలోని ట్రపీజు కళాకారుడు రాత్రింబవళ్లు తన ఊయల కడ్డీపైననే నివసించును. అతనికి కావలసినవన్నియు క్రిందినుండి ప్రత్యేక పాత్రలలో పైకి పంపబడును. ఊరు మారవలసివచ్చినప్పుడు అతని బాధ చెప్పనలవికాదు. రైలుపెట్టెలో సామానుంచు బల్లపై పరుండి ప్రయాణము చేయును. ఒకనాడు తనకు రెండవ కడ్డీ కావలెనని కోరి, యజమాని వెంటనే ఒప్పుకొన్నను వెక్కివెక్కి ఏడ్చును. ఇంతకాలము ఒక్క కడ్డీని చేతబట్టి ఎట్లు బ్రతికితినా యని అతని వేదన. నిద్రించుచున్న అతని నునుపైన నుదుట యజమానికి మొదటి ముడుతలు పొడగట్టుచున్నట్లు తోచును.

ఇచ్చట కొరడా లేదు, ఆకలి లేదు, నిర్దయుడైన యజమానియు లేడు. ఆకర్షణము చూపరులను పట్టుకొనుటకు ముందే ఆటగానిని పట్టుకొన్నది. సర్కసు కష్టములను చెప్పు కథలు పెక్కు విడిచిపెట్టు సంగతి ఇదియే: అంత కష్టమున్నను వారేల విడిచిపోరు? గతిలేక అనునది ఒక సమాధానము. పెక్కుమంది విషయమున అది నిజము కూడ. కాని తన ఒడలు సాధించిన పనియందు కలుగు మమకారము మఱియొక సమాధానము. దానిని కాఫ్కా చెప్పినాడు. ఐనను అతని ట్రపీజువాడు ఒంటరి. నిజమైన ట్రపీజు విద్య ఒంటరివాని విద్య కాదు. కడ్డీని విడిచినవాడు ఎదుటి ఊయలనుండి తలక్రిందులుగా వ్రేలాడు తోటివాని మణికట్టును అందుకొనవలెను. ఇద్దఱి లెక్క ఒక్కటి కావలెను. తప్పినప్పుడు వలలో వీపు ఆనునట్లు పడుటయు నేర్చుకొనవలెను. కాఫ్కా చూపిన మమకారము, డికెన్సు చూపిన తోడ్పాటు ఒకచోట చేరిననే ట్రపీజు పూర్తియగును.

ఇంతవఱకు చెప్పినదానిపై న్యాయమైన ఆక్షేపణ ఒకటి కలదు. విద్య, మమకారము అనుచు పోయినచో దోపిడికి మెఱుగు పెట్టినట్లు కాదా? పేత్యా చావునకు గ్రిగొరోవిచ్ కార్చిన కన్నీరు ఆ మాత్రమైన న్యాయము చేసినదిగదా? ఈ ఆక్షేపణను త్రోసిపుచ్చరాదు. భారత సర్వోన్నత న్యాయస్థానము 2011 ఏప్రిలు 18న సర్కసులలో పిల్లలను నియోగించుటను నిషేధింపవలసినదిగా కేంద్రమును ఆదేశించినది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిఱుతలు, సింహములను ఆడించుటపై 1998లో వెలువడిన నిషేధమును 2001లో అదే న్యాయస్థానము సమర్థించినది. ఈ రెండింటివలన సర్కసు కంపెనీల రాబడి దెబ్బతిన్నదని వానిని నడపువారు చెప్పుదురు. లేతవయసున వంగని ఒడలు తరువాత వంగదనియు వాదింతురు. ఆ వాదములో శరీరధర్మమును గుఱించిన కొంత నిజమున్నను, ఆ నిజమునకు వెల చెల్లించువాడు వాదించువాడు కాడు.

ఇచ్చట సాహిత్యము మనకొక వివేకమును నేర్పును. చిల్డర్సు ఏడవయేట చేరి గర్వపడినాడు. పేత్యా దాదాపు ఆ యీడుననే చేరి మరణించినాడు. ఒకే పద్ధతి వీరిద్దఱిని తయారుచేసినది. బ్రతికి నేర్చినవాని గర్వమును ఆ పద్ధతికి ఒప్పుదలగా గ్రహింపరాదు. ఏలయన మరణించినవాని మాట మనకు వినబడదు. అట్లే మరణించినవానిపై జాలిచే బ్రతికినవాని విద్యను కాదనరాదు. విద్యను గౌరవించుట వేఱు, దానిని రాబట్టిన తీరును ఆమోదించుట వేఱు. తన కుమార్తెను బరిలో దింపని జూపునకు ఈ భేదము తెలియును. ఆ నవలలో సర్కసును గుఱించి తుదిమాట చెప్పదగినవాడు అతడే యని నా అభిప్రాయము.

ఒక స్వానుభవము చెప్పి ముగింతును. నా బాల్యమున మా ఊరికి సర్కసు వచ్చినది. రాత్రివేళ డేరాపైనుండి ఆకాశమున గుండ్రముగ తిరుగు దీపకాంతిని చూచి చుట్టుప్రక్కల పల్లెలవారు బండ్లు కట్టుకొని వచ్చిరి. నేను గ్యాలరీలో చెక్కబల్లపై కూర్చుండి చూచుచుండగా ట్రపీజు ఆడు యువతి పట్టు అందక వలలో పడినది. లేచి, నవ్వి, నమస్కరించి మరల తాటినిచ్చెన నెక్కినది. అదియు ఆటలో భాగమే యనుకొని మేము చప్పట్లు కొట్టితిమి. మఱునాటి ఉదయము ఏనుగును చూచుటకు పోయినప్పుడు ఆమెనే కుళాయి యొద్ద చూచితిని. మణికట్టునకు గుడ్డ చుట్టియున్నది. రాత్రి నుండి ఇంటికడ ఆమెను గుఱించి అయ్యో పాపమని చెప్పుకొనుచుంటిమి. ఆమె మాత్రము తోటి ఆటగాని యెదుట నిలిచి, నాకు తెలియని భాషలో వ్రేళ్లపై అంకెలు లెక్కించుచు, ఏ అంకెకడ అతని చేయి ఆలస్యమైనదో కోపముగా చూపించుచుండెను. తరువాత ఇద్దఱును డేరాలోనికి పోయిరి. కొంతసేపటికి లోపలినుండి కడ్డీ ఊగు చప్పుడు వినవచ్చినది.

రాత్రి నేను ఆమెకు పెట్టిన పేరు అప్సరస. ఉదయము పెట్టిన పేరు దీనురాలు. రెండును గ్యాలరీనుండి పెట్టిన పేర్లే. ఆమె మాటలాడుచున్నది లెక్కను గుఱించి. దేశి కళలపై పరిశోధనము చేయు విద్యార్థులు సోమనాథుని పోలికను ఉదాహరించుటతో తృప్తిపడక, గడ యెక్కినవారిని, గడ మోసినవారిని కలిసికొని వారి పనిముట్ల పేర్లను, ముడుల పేర్లను, పట్టుల పేర్లను, పడుటకు వారు వాడు మాటలను వారి నోటనే విని వ్రాసికొనుట అవసరము. ఆ మాటలు తెలిసినవారు ఏటేట తగ్గుచున్నారు.